మెల్‌బోర్న్ పబ్బులూ, ఒక స్వతంత్ర రాక్ బృందమూ

కింగ్ గిజర్డ్ అండ్ ద లిజర్డ్ విజర్డ్ అనే విచిత్రమైన పేరుతో 2010లో కొందరు యువకులు మెల్‌బోర్న్‌లో వాయించడం మొదలుపెట్టిన నాటికి, ఆ నగర సంగీతకారులు మద్యం లైసెన్సు నిబంధనల మీద వీధికెక్కి ఉన్నారు. సంగీతం వాయించే మద్యశాలలను ప్రమాదకర స్థలాలుగా లెక్కగట్టి అదనపు కాపలాదారులను పెట్టాలని ప్రభుత్వం విధించిన షరతుల ఖర్చు భరించలేక, కాలింగ్‌వుడ్ పేటలోని టోట్ అనే పాత పబ్ ఆ జనవరిలో మూతపడగా, ఫిబ్రవరి 23న వేలాది మంది విక్టోరియా రాష్ట్ర పార్లమెంటు దాకా ఊరేగింపుగా వెళ్లారు. సారా దుకాణాలు మూయించడానికి 1992లో దూబగుంట ఆడవాళ్లు లేవదీసిన ఉద్యమాన్ని ఎరిగిన పాఠకులకు, ఒక మద్యశాలను తెరిపించడానికి జనం కదలడం వింతగా తోచవచ్చు. కానీ మెల్‌బోర్న్‌లో పబ్ అంటే తాగే చోటు మాత్రమే కాదు, పేరులేని బృందానికి మొదటి వేదిక దొరికే చోటు కూడా. ప్రభుత్వం వెనక్కు తగ్గింది, టోట్ ఆ ఏడాదే మళ్లీ తెరుచుకుంది.

పబ్‌కు ఈ స్థానం దక్కడం వెనుక అర్ధశతాబ్దపు చట్టం ఒకటుంది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 1916లో, విక్టోరియా రాష్ట్రం సాయంత్రం ఆరింటికల్లా మద్యశాలలు మూసేయాలని శాసించింది. పని విడిచిన మగవాళ్లు ఆరు కొట్టేలోగా గబగబా తాగి ఇళ్లకు పోయే అలవాటు 1966 వరకు సాగింది గనుక, అక్కడ సంగీతానికి చోటే లేకపోయింది. మూసే వేళ రాత్రి పదికి జరిగాక ఆ విశాలమైన గదులను నింపడానికి యజమానులు బృందాలను పిలవడం మొదలుపెట్టారు. 1970లలో ఆస్ట్రేలియా అంతటా పేరుకెక్కిన పబ్ రాక్ అనే మోటు, బిగ్గర సంగీతం అలా పుట్టింది. దానిని వాయించినవారిలో బ్రిటన్ నుంచి వలస వచ్చిన కుటుంబాల పిల్లలు ఎందరో ఉన్నారు. డింగోస్ బృందపు గాయకుడు బ్రాడ్రిక్ స్మిత్ అటువంటివాడే. ఆయన కుమారుడు ఆంబ్రోస్ కెన్నీ స్మిత్ కింగ్ గిజర్డ్‌లో సభ్యుడు కాగా, ఆ బృందం 2013లో వెలువరించిన ‘ఐస్ లైక్ ద స్కై’ ఆల్బమ్‌లో కథ చెప్పిన గొంతు తండ్రిది.

బృందానికి మూలపురుషుడైన స్టూ మెకెంజీ, అతని సహచరులలో కొందరు గీలాంగ్ ప్రాంతం నుంచి వచ్చినవారు. మెల్‌బోర్న్ పడమటి శివారు టార్నీట్‌లో కాపురమున్న తెలుగువారు రోజూ ఎక్కే రైలు అవతలి దిక్కున పోయేది ఆ ఊరికే. వీరిది సైకెడెలిక్ రాక్, అంటే 1960ల మధ్యలో శాన్‌ఫ్రాన్సిస్కో, లండన్ నగరాల్లో మత్తుపదార్థాల ప్రయోగాల నీడలో పెరిగిన, సుదీర్ఘమైన వాయిద్యభాగాలతో, ప్రతిధ్వనులతో, వికృతపరిచిన గిటారు నాదంతో శ్రోతను ఒక రకమైన పరవశంలోకి నెట్టే శైలి. అయితే వారు ఆ శైలిలోనే నిలిచిపోలేదు. జాజ్, మెటల్, జానపదం, అన్నిటిలోనూ చేయి పెట్టారు.

స్వతంత్ర బృందం అన్న మాటకు ఇక్కడ ఆర్థికార్థమే ప్రధానం. పెద్ద రికార్డింగ్ కంపెనీలు సాధారణంగా ముందుగా డబ్బు పెట్టి, దానిని కళాకారుడి వాటాలోంచి రాబట్టుకుని, మూల రికార్డింగుల హక్కులను తమ దగ్గరే ఉంచుకుంటాయి. కింగ్ గిజర్డ్ డ్రమ్ము వాద్యకారుడు ఎరిక్ మూర్ 2012లో ఫ్లైట్‌లెస్ అనే సొంత లేబుల్ పెట్టడంతో, ఏది ఎప్పుడు విడుదల చేయాలో చెప్పే పైవాడు లేకుండా పోయాడు. చివరి పాట మళ్లీ మొదటి పాటలోకి కలిసిపోయేలా కూర్చిన ‘నోనాగాన్ ఇన్ఫినిటీ’ 2016లో దేశపు ప్రధాన సంగీత పురస్కారమైన ఆరియాను హార్డ్ రాక్ విభాగంలో తెచ్చిపెట్టగా, మరుసటి ఏడాది ఏకంగా ఐదు ఆల్బమ్‌లు వచ్చాయి. ఐదూ ఒకే స్థాయివి కావు. కానీ ఏ కంపెనీ అధికారీ అనుమతించని ఆ వేగమే వీరి పద్ధతి.

ఆ ఐదింటిలో మొదటిదైన ‘ఫ్లయింగ్ మైక్రోటోనల్ బనానా’ తెలుగువారి చెవికి దగ్గరిది. పాశ్చాత్య గిటారు మెడ మీద స్థాయికి పన్నెండు స్వరస్థానాలకు సరిపడా మెట్లు బిగించి ఉంటాయి. వాటి మధ్యనున్న సూక్ష్మస్వరాల కోసం మెకెంజీ ఒక పసుపుపచ్చ గిటారును అదనపు మెట్లతో ప్రత్యేకంగా చేయించుకున్నాడు. దానికి ప్రేరణ మెట్లను జరుపుకోగలిగే బగ్లామా అనే టర్కీ తంత్రీవాద్యం. వైణికుడు తీగను పక్కకు లాగి గమకంతో సాధించేదాన్ని వీరు లోహపు మెట్లతో సాధించవలసి వచ్చింది గనుక, తతిమ్మా వాద్యాలనూ దానికి తగ్గట్టు మార్పించుకోక తప్పలేదు. ఆల్బమ్ రికార్డయిన ఈస్ట్ బ్రన్స్‌విక్ పరిసరాల్లో టర్కీ ఛాయ కొత్తది కాదు: 1967లో రెండు ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందంతో వలస వచ్చిన కార్మికులు అక్కడి నుంచి కోబర్గ్ దాకా స్థిరపడ్డారు. తెల్లవారు కానివారి వలసను అడ్డుకున్న శ్వేత ఆస్ట్రేలియా విధానం పూర్తిగా రద్దుకావడానికి ఇంకా ఆరేళ్లు ఉండగానే తెరుచుకున్న తలుపు అది.

అదే ఏడాది నవంబరులో వచ్చిన ‘పాలీగోండ్వానాలాండ్’ విషయంలో వారు ఇంకో అడుగు వేశారు. భారతదేశమూ ఆస్ట్రేలియా ఒకప్పుడు కలిసి ఉన్న ప్రాచీన ఖండం పేరును పొదువుకున్న ఆ ఆల్బమ్ మూల ప్రతులను ఉచితంగా ఇచ్చి, ఎవరైనా రికార్డులుగా అచ్చువేసి అమ్ముకోవచ్చునని ప్రకటించడంతో, పలు దేశాల్లో చిన్నచిన్న లేబుళ్లు తమ తమ అట్టలతో దానిని వెలువరించాయి. దొంగ రికార్డుల వ్యాపారాన్ని తిట్టుకునే బదులు, కచేరీ రికార్డింగులకూ ఇదే అనుమతి ఇచ్చి, అచ్చయిన వాటిలో కొన్ని తమకు పంపమని మాత్రమే వారు అడగడం గడుసుతనమే.

మూర్ 2020లో బృందాన్ని వీడి లేబుల్‌తో ఉండిపోయాక, మిగిలిన ఆరుగురు తమ రికార్డులను తామే విడుదల చేసుకోసాగారు. పాటలు వినిపించే ఆన్‌లైన్ వేదిక స్పాటిఫైకి అప్పటి అధిపతి డేనియల్ ఎక్ యుద్ధరంగానికి కృత్రిమ మేధనూ డ్రోన్లనూ తయారుచేసే హెల్సింగ్ సంస్థలో పెట్టుబడి పెట్టినందుకు నిరసనగా, 2025 జూలైలో వారు తమ ఆల్బమ్‌లను ఆ వేదిక నుంచి ఉపసంహరించుకుని, ఇచ్చినంత ధర చాలునంటూ బ్యాండ్‌క్యాంప్ అనే ఆన్‌లైన్ సంగీత దుకాణంలో ఉంచారు. అప్పటికి వారి ఆల్బమ్‌లు ఇరవై ఏడు. హక్కులు పెద్ద కంపెనీ చేతిలో ఉన్న కళాకారులు ఇటువంటి నిర్ణయానికి ముందు ఆ కంపెనీని ఒప్పించుకోవాలి. వీరు తమలో తాము మాట్లాడుకుంటే సరిపోయింది.