చెరిపేసిన సంగతి డిస్కుకు తెలిసేదెలా?

సూరత్‌లోని లింబాయత్ ప్రాంతానికి వెళితే వీధుల్లో మీకు తెలుగు వినిపిస్తుంది. మరమగ్గాల పని వెతుక్కుంటూ తెలంగాణ జిల్లాల నుంచి వలసవెళ్లి స్థిరపడిన నేత కుటుంబాలవి. చీర అంచున నెమలి రావాలంటే జకార్డు మగ్గం కావాలి. 1804లో ఫ్రాన్సుకు చెందిన జోసెఫ్ మరీ జకార్డు రూపొందించిన ఈ యంత్రానికి డిజైను చెప్పేవి చిల్లులు పొడిచిన అట్టలు. చిల్లు ఉంటే పడుగు పోగు లేస్తుంది, లేకుంటే లేవదు. డిజైను మారితే పాత అట్టను పక్కనపెట్టి కొత్తది పొడవాలి.

ఇప్పుడు ఎలక్ట్రానిక్ జకార్డులు వచ్చాయి. వాటికి డిజైను అంటే కంప్యూటరులో దాచిన ఫైలు. విచిత్రమేమిటంటే, ఆ ఫైలు సాలిడ్ స్టేట్ డ్రైవులో ఉన్నా ఈ అట్టల నియమమే వర్తిస్తుంది: రాసినచోటే మళ్లీ రాయడం కుదరదు!

ఎందుకో చూద్దాం. ఈ డ్రైవులోని ఫ్లాష్ స్మృతిని జపానులోని తోషిబా సంస్థలో ఫుజియో మసుఓకా కనిపెట్టాడు. ఆయన 1984లో ఒక రకాన్ని, 1987లో నేటి డ్రైవుల్లో వాడే నాండ్ రకాన్ని లోకానికి వెల్లడించాడు. ఇందులో సమాచారమంటే, విద్యుద్బంధకం మధ్య చిక్కుకున్న ఎలక్ట్రాన్లే. రాసేటప్పుడు కొన్ని కిలోబైట్ల 'పుట' చొప్పున రాయవచ్చు. చెరిపేటప్పుడు మాత్రం అనేక పుటలున్న 'దిమ్మ' మొత్తాన్ని ఒకేసారి చెరపాలి. చెరిపిన ప్రతిసారీ బంధకపు పొర కొంచెం అరుగుతుంది. గడికి ఒకే బిట్టు దాచే రకం సుమారు లక్ష సార్లు తట్టుకుంటే, మూడేసి బిట్లు దాచే చవక రకాలు కొన్ని వేల సార్లకు మించి తట్టుకోవు.

అందుకే ఫైలును మారిస్తే డ్రైవు కొత్త పుటలో రాసుకుని, పాతది చెల్లదని గుర్తుపెట్టుకుంటుంది. మరి మీరు ఫైలునే తొలగిస్తే? ఆపరేటింగ్ సిస్టమ్ తన పట్టికలో ఆ స్థలం ఖాళీ అని రాసుకుని ఊరుకుంటుంది. డ్రైవుకు ఆ కబురే అందదు! పాపం, అది దిమ్మలను ఖాళీ చేసేటప్పుడు మీరు పారేసిన ఫైలును కూడా భద్రంగా ఇంకోచోటికి మోస్తుంది. వేగం తగ్గుతుంది, ఆయుష్షూ తరుగుతుంది.

లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్‌ను విడుదల చేసినప్పుడు డిస్కంటే తిరిగే పళ్లెమే. సరిగ్గా అదే ఏడు అమెరికాలోని బర్క్‌లీలో రోజెన్‌బ్లమ్, ఔస్టర్‌హౌట్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు, పాతదాని మీద రాయకుండా చిట్టాపద్దులా వరుసగా ముందుకే రాసుకుపోయే ఫైళ్ల వ్యవస్థను వివరించారు. 1999లో స్వీడన్‌లోని ఆక్సిస్ సంస్థ ఆ పద్ధతినే లినక్స్‌లో ఫ్లాష్ చిప్పులకు వాడింది. 2001లో డేవిడ్ వుడ్‌హౌస్ దాన్ని తిరగరాశాడు. 'ఈ స్థలం నాకిక అక్కరలేదు' అని చెప్పే సదుపాయాన్ని 2008లో లినక్స్ కెర్నల్‌లో చేర్చినదీ ఆయనే. 2010 ఫిబ్రవరిలో వెలువడిన 2.6.33 కెర్నల్ నుంచి ఆ కబురు 'ట్రిమ్' అనే ఆజ్ఞగా మామూలు డ్రైవులకు చేరసాగింది. (ట్రిమ్‌కు తెలుగు మాట కోసం చాలాసేపు వెతికాను. కత్తిరింపు అంటే అర్థం చెడుతోంది. అలాగే ఉంచేశాను.)

తొలగించిన ప్రతిసారీ వెంటనే ఆజ్ఞ పంపితే మరో చిక్కు. తొలినాటి ట్రిమ్ మిగతా పనుల వరుసలో కలిసేది కాదు. అది పూర్తయ్యేదాకా అన్నీ ఆగాలి. అందుకని 2010లో లూకాష్ చెర్నెర్ ఖాళీలన్నిటినీ కలిపి ఒకేసారి చెప్పే పద్ధతిని సిద్ధం చేశాడు. అదే ఎఫ్‌స్ట్రిమ్. 2014 నాటి ఉబుంటు 14.04 దీన్ని వారానికోసారి తనంతట తానే నడిపింది. 2020లో ఫెడోరా 32 కూడా అదే దారి పట్టింది.

ఈ కబురు తప్పుగా వెళితే? 2015లో అల్గోలియా అనే సంస్థ సర్వర్లలో ఫైళ్ల మధ్య సమాచారం పోయి, సున్నాలు కనిపించసాగాయి. అనుమానం శాంసంగ్ డ్రైవుల మీద పడింది. అయితే లినక్స్ మూల ప్రోగ్రాము ఎవరైనా చదవదగినది కదా! శాంసంగ్ ఇంజనీర్లే దాన్ని వెతికి, తప్పు కెర్నల్‌లో ఉందని చూపించారు. ఒకే ట్రిమ్ ఆజ్ఞను పలు డిస్కులకు ముక్కలుగా పంచేటప్పుడు లెక్క కలగాపులగమై, వాడుకలో ఉన్న చోటు కూడా చెరిగిపోయేది. దిద్దుబాటునూ వారే రాసి పంపారు.

మీ కంప్యూటరులో లినక్స్ ఉంటే ఈ వారపు పని బహుశా ఇప్పటికే నడుస్తూ ఉంటుంది. ఒక్క విషయం మాత్రం మరవకండి. పొరపాటున చెరిపిన ఫైలును, ట్రిమ్ నడవక ముందైతే వెనక్కి తెచ్చుకునే అవకాశం కొంత ఉంటుంది. నడిచాక దాదాపు ఉండదు. సూరత్ డిజైనరు పాత అట్టలనైతే అటక మీద వెతుక్కోవచ్చు. ఫైలుకు మాత్రం మరో డిస్కులో నకలు ఉండాల్సిందే.