పరదేశ జీవనము: నాడు, నేడు

జనులు ఎస్.ఆర్. నగరమని వ్యవహరించు సంజీవరెడ్డినగరమున ఉదయము నడచువారికి రెండు విషయములు తప్పక కంటబడును: వసతిగృహముల పేరుపలకలు, శిక్షణాలయముల ప్రకటనలు. అమీర్‌పేటలోని మైత్రీవనము వఱకు ఇదియే వరుస. పల్లెలనుండి వచ్చిన పట్టభద్రులు ఒక్కొక్క గదిలో నలుగురైదుగురు చేరి, ఏదో యొక కంప్యూటరు విద్య నేర్చి, సముద్రము దాటవలెనని యత్నించుచుందురు. వారిని బలవంతముగా పంపువారు లేరు. అయినను వారేల పోవుచున్నారు? దూరపు కొండలు నునుపని పెద్దలు తీసివేయుదురు. ఈ ప్రశ్నకు సామెత చాలదు, చరిత్రను అడుగవలెను.

ఆంగ్ల సామ్రాజ్యమున బానిసత్వ నిర్మూలన శాసనము 1834లో అమలులోనికి వచ్చిన పిమ్మట చెఱకుతోటలకు కూలీలు కావలసివచ్చిరి. మనవారు ఒడంబడిక కూలీలై మారిషసు దీవికి పోయిరి. కోరంగి రేవు పేరునుబట్టి అచట తెలుగువారికి కోరంగీలను పేరు కలిగెను. 1860 నవంబరు 16వ తేదీన చెన్నపట్టణమునుండి ట్రూరో యను నౌక నెటాలు చేరినప్పుడు అందు తెలుగువారును ఉండిరి. గడువు తీఱకమున్ను యజమానిని విడుచుట వారికి శిక్షార్హమైన నేరము. 1917లో గాని ఈ పద్ధతిపై కూలీలను చేర్చుట నిలువలేదు.

బర్మాకు పోయినవారి స్థితి వేఱు. 1937 వఱకు ఆ దేశము ఇండియా ప్రభుత్వము క్రిందిదే. కాకినాడ, విశాఖపట్టణముల నుండి పొగయోడలు రంగూనునకు నడచుచుండెను. శాసనము దృష్టిలో అందెక్కిన కూలీ స్వతంత్రుడే. కాని యింటివారికి బయానాయు, తనకు ఓడఖర్చును మేస్త్రీ యిచ్చిన అప్పులే. అది తీఱువఱకు పనియు జీతమును మేస్త్రీ చేతిలోనివే. ఇది తెలిసియు ఏల పోయిరి? ఊరిలో కూలి తక్కువ, అప్పు ఎక్కువ. అంతకంటె పెద్ద కారణము మఱియొకటి గలదు. స్వగ్రామమున బావివద్దకు రానీయని మనుష్యుడు రంగూను రేవులో మూటమోసి రొక్కము పుచ్చుకొనెను. ఆ రొక్కముతో తిరిగివచ్చి కొంత నేల కొన్నవారును గలరు. వారిని సముద్రముమీదికి త్రోసినది ఆకలి మాత్రమే కాదు, మన యాచారమును.

ఆ బ్రదుకునకు పూచీ లేదు. 1930 మే నెలలో రంగూను రేవుపనిని గూర్చి బర్మీయులకును తెలుగు కూలీలకును పుట్టిన కలహమున పెక్కుమంది హతులైరి. 1941 డిసెంబరులో జపానువారు ఆ నగరముపై బాంబులు వేసిరి. పిమ్మట లక్షలకొలది భారతీయులు స్వదేశమునకు మఱలిరి; వారిలో పెక్కుమంది కొండలు, అడవులు దాటుచు కాలినడకను వచ్చిరి. త్రోవలోనే ప్రాణములు విడిచినవారు వేలకొలది.

ఇక నేటి మాట. మాయొద్ద చదివిన యువకుడొకడు ప్రయాణమునకు ముందు సెలవు తీసికొన వచ్చెను. ఇచట ఉద్యోగమున్నది కదా యని యడిగితిమి. "ఇక్కడ పదేళ్లకు తీరే నాన్నగారి అప్పు అక్కడ రెండేళ్లలో తీరుతుంది, మాస్టారూ. చెల్లెలి పెండ్లి కూడా ఉన్నది గదా" అనెను. మాకు ప్రత్యుత్తరము తోచలేదు. ఆ యప్పులో సగము అతని శిక్షణకును, ప్రయాణపు ఏర్పాట్లకును చేసినదే యని పిమ్మట తెలిసినది. వరకట్న నిషేధ శాసనము 1961లోనే వచ్చినను అమెరికా వరునికి వేఱు వెల కట్టుచున్నవారము మనమే. ఒక యింట చెల్లెలి కట్నము అన్నను ఓడ యెక్కించుచుండగా, వేఱొక యింట ఓడ యెక్కిన వరుడు కట్నమును పెంచుచున్నాడు.

మేస్త్రీ నేడు లేడు. కాని కట్టు పూర్తిగా తెగలేదు. అమెరికాలో 1990 నాటి శాసనముచే ఏర్పడిన హెచ్-1బి వీసాకు దరఖాస్తు చేయవలసినది ఉద్యోగి కాదు, యజమాని. మఱియొక యజమాని దరఖాస్తు పెట్టినచో మాఱుటకు వీలున్నది; ఇది కూలీకి లేని సదుపాయము. అయినను కొలువు పోయినచో మఱియొక త్రోవ చూచుకొనుటకు సాధారణముగా 60 దినములకు మించిన గడువు లేదు.

కాబట్టి తనంత తాను పోవుటయే స్వాతంత్ర్యము కాదు. నచ్చనిచో యజమానిని విడువగలుగుట, అక్కఱ తీఱినచో తలవంపు లేక మఱలి రాగలుగుట స్వాతంత్ర్యము. మొదటిది శాసనముల చేతిలోనున్నది. రెండవది మన చేతిలోనిదే. పోవువానిని ఆపవలదు, విద్యకు, కుతూహలమునకు, మంచి వేతనమునకు పోవుట తప్పు కాదు. కాని అప్పుచేసి పంపకుడు. వాని జీతమును కట్నముగా మార్చకుడు. తిరిగివచ్చిన కుమారుని "ఏల వచ్చితి" వని గుమ్మములోనే ప్రశ్నింపకుడు.

రంగూను కూలీకి అప్పు పెట్టినవాడు మేస్త్రీ. నేటి యువకునికి అప్పు పెట్టువారము మనమే కాకుందుము గాక.