పెంపుడు కుక్కను ఇక పెంచలేరా? రోడ్డుపై వదలకండి.. ఇలా చేయండి

ఉద్యోగం బదిలీ అయింది. కొత్త ఇంటి ఓనరు కుక్క ఉంటే ఇల్లివ్వనన్నారు. లేదంటే ఇన్నాళ్లూ దాన్ని చూసుకున్న పెద్దాయన మంచాన పడ్డారు. కారణం ఏదైనా, పెంపుడు జంతువును మరొకరికి అప్పగించాల్సి రావడం తప్పు కాదు. ఊరి చివర వదిలేసి రావడమే తప్పు.

చట్టం ఏం చెబుతోంది?

జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టం-1960లోని సెక్షన్ 11 ప్రకారం, ఆకలిదప్పులతో బాధపడేలా జంతువును సరైన కారణం లేకుండా వదిలేయడం నేరం. మొదటిసారికి జరిమానా రూ.10 నుంచి రూ.50 వరకే. అసలు శిక్ష పడేది ఆ మూగజీవికి. గిన్నెలో పెడితే తిన్న కుక్కకు వీధిలో తిండి వెతుక్కోవడం తెలియదు. అక్కడి కుక్కలు దాన్ని దగ్గరకు రానివ్వవు.

షెల్టర్‌లో ఇచ్చేయొచ్చా?

హైదరాబాద్‌లో 1992లో అక్కినేని అమల ప్రారంభించిన బ్లూ క్రాస్ వంటి సంస్థలు ముఖ్యంగా గాయపడిన, జబ్బుపడిన, దిక్కులేని జంతువుల కోసం పనిచేస్తాయి. షెల్టర్లలో ఉండే చోటు తక్కువ. ఆరోగ్యంగా ఉన్న మీ కుక్క అక్కడ చేరితే, ప్రమాదంలో కాలు విరిగిన మరో కుక్కకు చోటు దొరకకపోవచ్చు. పైగా టీకాలు వేయని కుక్కకు పార్వో, డిస్టెంపర్ అంటుకునే ప్రమాదం ఉంది. అందుకే షెల్టర్‌ను చివరి దారిగానే చూడండి. ముందుగా ఫోన్ చేయండి. రాత్రిపూట గేటుకు కట్టేసి వెళ్లొద్దు.

మున్సిపాలిటీల కు.ని. కేంద్రాలు వేరు. జంతు జనన నియంత్రణ నిబంధనలు-2023 ప్రకారం అవి వీధికుక్కలకు శస్త్రచికిత్స చేసి, రేబిస్ టీకా వేసే కేంద్రాలు. పెంపుడు కుక్కలను అప్పగించే చోటు కాదు.

కొత్త ఇల్లు ఎలా వెతకాలి?

* కనీసం నెల, రెండు నెలల ముందే మొదలుపెట్టండి. దానికి అలవాటైన బంధువులు, స్నేహితులను ముందు అడగండి. మీ పశువైద్యుడికీ చెప్పి ఉంచండి.

* రేబిస్ సహా టీకాలు, నులిపురుగుల మందు, కు.ని. ఆపరేషన్ పూర్తిచేయించండి. ఆపరేషన్ కాని జాతి కుక్కలను పిల్లల వ్యాపారానికి తీసుకెళ్లేవారు ఉంటారు.

* నిజం చెప్పండి. కరిచే అలవాటు, పిల్లలంటే భయం, జబ్బులు దాచిపెడితే వారంలోనే అది మళ్లీ రోడ్డున పడుతుంది.

* వారి ఇల్లు చూడండి. ఇంట్లో అందరికీ ఇష్టమేనా? ఓనరు ఒప్పుకున్నారా? పగలు ఎవరు ఉంటారు? రోజంతా డాబాపై గొలుసుతో కట్టేస్తామంటే ఇవ్వొద్దు.

* పేరు, ఫోన్ నంబరు, తేదీతో దత్తత పత్రం రాసుకోండి. పెంచలేకపోతే మీకే తిరిగివ్వాలని అందులో రాయించండి. టీకాల కార్డు ఇవ్వండి. మున్సిపల్ లైసెన్సు ఉంటే కొత్త యజమాని తన పేరున తీసుకోవాలని చెప్పండి.

* అది పడుకునే దుప్పటి, తినే గిన్నె కూడా పంపండి. మొదటి కొన్నాళ్లు అలవాటైన తిండే పెట్టమనండి.

రామచిలుక, నక్షత్ర తాబేలు అయితే?

వీటిని ఇంట్లో పెంచడమే వన్యప్రాణి సంరక్షణ చట్టం-1972 ప్రకారం నేరం. ఇతరులకు ఇవ్వకుండా అటవీశాఖకు అప్పగించండి.

అప్పగించాక మొదటి వారంలో ఒకసారి ఫోన్ చేసి, తింటోందా అని అడగండి. కొత్తచోట రెండు, మూడు రోజులు సరిగా తినకపోవడం మామూలే. ఆ తర్వాతా తినకపోతే పశువైద్యుడికి చూపించమని చెప్పండి.