మట్టి బిళ్ళ ఎన్నేళ్లు ఉంటుంది?



మన సంఘం కట్టడంలో పాత వస్తువులకు ఒక గాజు అలమార పెట్టాలని పోయిన నెల మీటింగులో తీర్మానం అయింది కదా. ఇంటికి ఒక వస్తువు తెమ్మన్నారు. ఒకరు ఇత్తడి మానిక తెచ్చినారు, ఒకరు తాటాకు జాతకాలు తెచ్చినారు. మేము తీసుకుపోయింది ఒక తగరపు డబ్బా. లోపల 77 మట్టి బిళ్ళలు, తెల్లవి, ఎర్రవి, నీలివి. పేకాటలో రూపాయలకు బదులు బల్ల మీద పెట్టేవి. ఇంగ్లీషులో పోకర్ చిప్స్ అంటారు. డబ్బా మూత తీయగానే ఒక తమ్ముడు నవ్వి, "అన్నా, మట్టివి కదా, అలమార కొయ్య చెదలు పట్టేలోపలే ఇవి పొడి అయిపోతాయి. పైగా జూదం సామాను" అన్నాడు. అందరూ నవ్వినారు. మాకు అప్పటికప్పుడు జవాబు తోచలేదు. డబ్బా మూసుకుని ఇంటికి వచ్చేసినాము. జవాబు ఇప్పుడు రాస్తున్నాము. మేము చదివింది తమిళ బడి. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మా నాయన అరక్కోణంలో లోకో షెడ్డు ఫిట్టరు. 1967లో రైల్వే ఇన్‌స్టిట్యూట్ పాత సామాను వేలం వేసినప్పుడు ఒకటిన్నర రూపాయికి ఈ డబ్బా కొనుక్కుని వచ్చినాడు. దొరల కాలంలో పేకాట గదిలో వాడినవని చెప్పినారంట. మా అమ్మ వాకిట్లోనే ఆపేసింది. "జూదం బిళ్ళలు పసిబిడ్డలున్న ఇంట్లోకా?" అని ఒకటే రభస. నాయన, "లెక్క నేర్పించను తెచ్చినానే, ఆడను కాదు" అన్నాడు. అన్నట్టే చేసినాడు. తెల్లది 1, ఎర్రది 5, నీలిది 10. బడిలో లెక్కలన్నీ తమిళంలో. పదకొండు, పన్నెండు, పందొమ్మిది అనే మాటలు మా నోటికి వచ్చింది ఈ డబ్బా ముందర కూర్చుని. మా ఇంట్లో తెలుగు పుస్తకం అనేది ఇంకో పదేళ్లకు గాని రాలేదు.

అప్పుడు డబ్బాలో 100 బిళ్ళలు. తెల్లవి 50, ఎర్రవి 25, నీలివి 25. నిండు డబ్బా విలువ 425. ఇప్పుడు తెల్లవి 31, ఎర్రవి 22, నీలివి 24 మిగిలినాయి, విలువ 381. గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది, చూపిస్తే పూర్తిగా చూపించాలి. పోయిన 23లో 13 తెల్లవి, 3 ఎర్రవి కడప బండ నేల మీద పడి పగిలినాయి. ఒక నీలిది మా తమ్ముడు బల్లి మీదికి విసిరితే గోడకు తగిలి రెండు ముక్కలైంది, బల్లికి ఏమీ కాలేదు. 6 తెల్లవి ఒక వేసవిలో రేకుల కింద అటక మీద పెట్టి మరిచిపోతే అప్పడం మాదిరి వంకర పోయినాయి. మట్టి ఎండకు వంకర పోవడం ఏంటి అని అప్పుడే అనుమానం వచ్చింది.

ఆ అనుమానం తీరింది 1986లో, బుకింగ్ ఆఫీసులో. ఉద్యోగంలో ఉన్నవాళ్లకు తెలుసు. రోజు వసూలు తోలు సంచిలో వేసి, మూతి కట్టి, కొవ్వొత్తి మంట మీద లక్క కరిగించి, ముడి మీద బొట్లు పోసి ఇత్తడి ముద్ర గుద్దాలి. తమిళంలో అరక్కు అంటారు. ఆ వాసన ఒకసారి ముక్కుకు పడితే మరిచిపోయేది కాదు. ఒక దినం ఇంట్లో కరెంటు పోయి కొవ్వొత్తి వెలిగించినాము. పగిలిన ఎర్ర బిళ్ళ ముక్క ఒకటి చేతికి దొరికింది. ఊరకే మంట దగ్గర పెట్టినాము. మెత్తబడి, బుడగ లేచి, అదే వాసన. మా ఆఫీసు వాసన మా ఇంట్లో! బిళ్ళలో ఉండేది ఉత్త మట్టి కాదు, లక్కతో కలిపి పిసికిన మట్టి. మట్టి దాని ఒళ్లు, లక్క దాని నరాలు.

ఆ తరువాత చదివి తెలుసుకున్నది చెప్తాము. పోకరు ఆట పుట్టింది అమెరికాలో, 1800 తరువాత, న్యూ ఆర్లీన్స్ పక్కన, మిసిసిపి ఏటి మీద తిరిగే ఆవిరి పడవల్లో. మొదట్లో బల్ల మీద బంగారు పొడి, బంగారు ముక్కలు, నాణేలు పెట్టి ఆడేవారు. దాని తరువాత ఏనుగు దంతం, ఎముక, కొయ్య బిళ్ళలు. దంతం డబ్బున్నవాడికే. 1880ల నుంచి మట్టి, లక్క కలిపిన బిళ్ళలు అంగళ్లకు వచ్చినాయి. బంకమట్టి పొడిలో లక్క, రంగు కలిపి, వేడి చేసి, అచ్చులో నొక్కితే చల్లారేసరికి గట్టి బిళ్ళ. కుండ మాదిరి ఆవంలో కాల్చేది లేదు. ఇది గుర్తు పెట్టుకోండి, తరువాత పని పడుతుంది. చవక కాబట్టి ఊరూరికీ పోయినాయి. 1930ల చివరి దాకా చాలా కంపెనీలు చేసినాయి, వెయ్యికి పైన అచ్చులు ఉండేవి. పువ్వు, గుర్రం, లంగరు, పేక గుర్తులు, ఏది కావాలంటే అది. అన్ని బొమ్మలు అందానికి మాత్రం కాదు. ఉత్త బిళ్ళ అయితే ఎవడైనా అంగడిలో కొనుక్కుని వచ్చి జేబులోనుంచి బల్ల మీదికి జార్చేయగలడు. బొమ్మ ఉంటే దొంగ దొరికిపోతాడు. మన పాత రైలు టికెట్ మీద నంబరు, తేదీ గుద్దే మిషన్ పెట్టింది కూడా ఇట్లాంటి భయంతోనే.

ఈ లక్క ఎక్కడిది అనుకున్నారు? మన దేశానిదే. మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద లక్క పురుగు చేసే బంక. చోటా నాగపూర్ అడవుల్లో ఆదివాసులు కొమ్మలు కోసి, గీకి అమ్మితే, కరిగించి, వడపోసి, పలుచటి రేకులు చేసి కలకత్తా రేవు నుంచి ఓడ ఎక్కించేవారు. దాని పేరే షెల్లాక్. దీని కోసం రాంచీ పక్కన 1924లో ఒక పరిశోధన సంస్థనే పెట్టినారు. గ్రామఫోను రికార్డు కూడా ఇదే వంట. లక్క, రాతి పొడి, మసి. బెర్లినర్ దొర తన రికార్డులకు మొదట గట్టి రబ్బరు వాడి, 1895 ప్రాంతంలో లక్కకు మారినాడు. ఆయనకు ఆ లక్క రికార్డులు నొక్కి ఇచ్చింది గుండీలు చేసే కంపెనీ. గుండీ, పాట, పేకాట బిళ్ళ మూడూ ఒకే ముద్దలోనుంచి వచ్చినాయన్న మాట. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడలు రాక, 1942లో అమెరికా ప్రభుత్వం రికార్డులకు వాడే లక్కను 70 శాతం తగ్గించమని ఆజ్ఞ వేసింది. అక్కడి పాట ఇక్కడి పురుగు మీద ఆధారపడి ఉండింది. లాడ్ బజారు గాజులకు, ఏటికొప్పాక బొమ్మలకు లక్క అని మనవాళ్లకు తెలుసు, ఈ బిళ్ళల సంగతి మాత్రం మాకు ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు మా తమ్ముడి ప్రశ్నకు వస్తాము. ఇవి ఎన్నేళ్లు ఉంటాయి? పెట్టెలో నిలబెట్టి, నీడలో పెడితే నూరేళ్లు దాటినా చెక్కు చెదరవు. 1890లలో చేసినవి ఇంకా అమెరికాలో సేకరించేవాళ్ల దగ్గర నిండుగా ఉన్నాయి. వాటికి శత్రువులు మూడు. ఒకటి గట్టి నేల, ఎందుకంటే లక్క గట్టిదే గాని సాగదు, టపీమని పగులుతుంది. రెండు వేడి. లక్క నీళ్లు మరిగే దాకా కూడా ఆగదు, 80 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, అంతకు ముందే మెత్తబడి ఒరుగుతుంది. మా అటక కథ అదే. లక్క ఇంటి కథ విన్న జాతికి ఇది వేరే చెప్పాలా? మూడోది సారాయి. లక్క స్పిరిటులో కరుగుతుంది, వడ్రంగి పాలిష్ పట్టేది దానితోనే. పోకరు ఆడే చోట గ్లాసు ఒలకని రోజు ఉండదు కదా! మా ఇంట్లో ఆ మూడో శత్రువు లేడు కాబట్టి 77 అయినా మిగిలినాయని మా అమ్మ పోయే దాకా చెప్పేది.

1931లో నెవాడా రాష్ట్రం జూదాన్ని చట్టబద్ధం చేసింది. లాస్ వేగాస్ పెరిగింది, పగలూ రాత్రీ వేల చేతులు మారే బిళ్ళ కావలసి వచ్చింది. 1950ల నుంచి వచ్చిన క్లబ్బు బిళ్ళ పేరుకు మట్టిదే గాని ఏదీ నూటికి నూరు మట్టి కాదు. మట్టి, సుద్ద, ఇసుక లాంటి పొడులతో పాటు కంపెనీలు బయటికి చెప్పని బంకలు కలిపి, అంచు మీద వేరే రంగు ముక్కలు పొదిగి, చదరపు అంగుళానికి 10,000 పౌన్లకు పైన కూడా పోయే ఒత్తిడితో నొక్కుతారు. ఇవి పాతవాటి కన్నా గట్టివి. పగలడం తక్కువ, అరగడం ఎక్కువ. కొత్తలో అంచు కత్తి మాదిరి ఉంటుంది, ఒంటి మీద సుద్ద పొడి ఉంటుంది. ఏళ్లు గడిస్తే అంచు గుండ్రమై, మీద గీతలు మాసి, చేతుల జిడ్డుకు నున్నగా అవుతుంది. చాలామందికి ఆ అరిగిన బిళ్ళే చేతికి ఇష్టం. అయితే ఇవి ఖరీదు, మన మాదిరి ఇళ్లకు కాదు.

చవక బిళ్ళ కథ 2003లో మళ్లీ మొదలైంది. ఆ ఏడు పోకరు ప్రపంచ పోటీలో టెనెసీ రాష్ట్రానికి చెందిన ఒక అకౌంటెంట్ గెలిచి 25 లక్షల డాలర్లు తీసుకుపోయినాడు. ఆయన పేరు క్రిస్ మనీమేకర్, నిజంగా ఇంటిపేరే అది. లెక్కలు రాసేవాడు గెలిచినాడని విని మాకు కూడా కొంచెం గర్వమే. అంతే, ఇంటింటికీ పోకరు పిచ్చి పట్టి, అల్యూమినియం పెట్టెల్లో 300, 500 బిళ్ళలు అమ్మడం మొదలైంది. మా అల్లుడు మా నాయన డబ్బా కథ విని ముచ్చటపడి అట్లాంటి పెట్టె ఒకటి తెచ్చి ఇచ్చినాడు. పెట్టె మీద 'మట్టి' అని గొప్పగా రాసి ఉండింది. బిళ్ళ బరువు పదకొండున్నర గ్రాములు. మా నాయన బిళ్ళ దాని ముందర దూది మాదిరి తేలిక. మాకు సంతోషమే. ఆరేళ్లు అయింది. మేము ఉండేది సముద్రం గాలి తగిలే వీధి. కొన్ని బిళ్ళల అంచు చీలింది, చీలికలో ఎర్రగా తుప్పు. విప్పి చూస్తే లోపల ఇనుప బిళ్ళ, చుట్టూ ప్లాస్టిక్. మంట దగ్గర పెట్టినాము, లక్క వాసన లేదు, మట్టి వాసన అసలు లేదు. ఇప్పుడు 'మట్టి' అని చవకగా అమ్మేవి దాదాపు అన్నీ ఇట్లాంటివే. నేల మీద పడితే ఇవి పగలవు, అది ఒప్పుకోవాలి. ఎండకు వంకర పోవు. పిల్లలు ఆడుకోను నాయన డబ్బా కన్నా ఇవే మంచివి కావచ్చు. మా గొడవ బిళ్ళతో కాదు, పెట్టె మీద రాతతో.

ఇంకొక్క మాట. శివగంగ జిల్లా కీళడి మ్యూజియం చూసి రాని కుటుంబం మన సంఘంలో ఉంటే ఈ ఏడు పోయి రండి. అక్కడ గాజు వెనక గుండ్రటి మట్టి బిళ్ళలు ఉన్నాయి. పగిలిన కుండ పెంకును రాతి మీద అరగదీసి గుండ్రం చేసినవి. తమిళంలో వట్టు సిల్లు, మన ఆడపిల్లల తొక్కుడు బిళ్ళ. వాటి వయసు రెండు వేల ఏళ్లకు పైన. దానికి ఎవడూ పైసా ఖర్చు పెట్టలేదు, పారేసిన పెంకే. అయినా నీళ్లకు నానలేదు, ఎండకు ఒరగలేదు, ఎందుకంటే అది కుమ్మరి ఆవంలో కాలిన మట్టి. మా నాయన బిళ్ళ ఆవం చూడలేదు. తమ్ముడు "మట్టి కదా" అన్నాడే, మూడింటికీ పేరు మట్టే. ఒకటి కాలింది, ఒకటి లక్క పట్టుకుంది, ఇంకొకటి మట్టి కానే కాదు.

జూదం సంగతి: మా ఇంట్లో ఈ బిళ్ళలతో ఎవరూ పైసా ఆడలేదు. పోయిన ఎండాకాలం సెలవుల్లో మా మనవరాలు మాత్రం ఆడింది. ఆరేళ్లు, ఇంగ్లీషు బడి, వీధిలో తమిళం. డబ్బా తెరిచి తెల్లవి లెక్కపెట్టమన్నాము. "ఒకటి, రెండు, మూణు, నాలు, అంజు" అంటుంది. రెండు అనే మాట వాడుక తమిళంలోనూ తెలుగులోనూ ఒకటే, అక్కడికి వచ్చేసరికి పట్టాలు మారిపోతాయి. మేమూ ఆ వయసులో అక్కడే తప్పేవాళ్లం. నాయన మాదిరే ఒక తెల్ల బిళ్ళ వెనక్కి తీసుకుని, "మళ్లీ మొదటినుంచి" అన్నాము. నెల తిరిగేసరికి ముప్పై ఒకటి దాకా వచ్చింది. అంతకు మించి తెల్లవి లేవు. "తాతా, మిగతావి ఏమైనాయి?" అని అడిగితే బల్లి కథతో సహా అన్నీ చెప్పినాము. ఆ నెలలో ఒక్క బిళ్ళ కూడా పగలలేదు, కింద జంపకానా పరిచినాము.

కాబట్టి కార్యదర్శి గారికి మా విన్నపం. అలమారకు 7 బిళ్ళలు ఇస్తాము, తెల్లవి 3, ఎర్రవి 2, నీలివి 2. వంకర పోయిన ఆరింటిలో ఒకటి కూడా పక్కన పెట్టండి, పిల్లలు అడిగితే చెప్పను బాగుంటుంది. మిగతా 70 మా ఇంట్లోనే ఉంటాయి, వాటికి ఇంకా పని ఉంది. గాజు అలమారను పడమర కిటికీ దగ్గర మాత్రం పెట్టకండి, మూడు గంటల ఎండ నేరుగా అక్కడే పడుతుంది. బిళ్ళలను జిగురుతో అంటించకండి. స్పిరిటుతో తుడవకండి. పొడి గుడ్డ చాలు.