'సెట్' అను నాంగ్లపదము: దాని నానార్థముల చరిత్ర

ఆంగ్లభాష నభ్యసించు బాలుఁడు తొలియేఁటనే నేర్చుకొను పదములలో 'సెట్' అనునది యొకటి. మూఁడక్షరముల మాట, ఉచ్చరించుటకుఁ గష్టము లేదు, భూతకాలమునందును రూపభేదము లేదు. అయినను 1989వ సంవత్సరమున వెలువడిన ఆక్స్‌ఫర్డు ఆంగ్లనిఘంటువు ద్వితీయముద్రణమునందు ఈ యొక్కపదమునకు 430 అర్థము లీయఁబడినవి. వానిని సోదాహరణముగా వివరించుటకు సుమారు 60,000 పదముల వ్యాఖ్య పట్టినది. అమరసింహుని కోశము మూఁడు కాండములును గూర్చినను ఇంత గ్రంథము కాదు.

ఒక శబ్దమునకు ఇన్ని యర్థములుండుట నిజమేనా? నిజమైనచో నవి యన్నియు ఆ శబ్దముయొక్క శక్తులేనా, లేక కోశకర్త లెక్కించుటచేఁ గలిగినవా? ఆంగ్లము బోధించు నుపాధ్యాయులకు మాత్రమే కాక, ఏ భాషకైనను నిఘంటువు కూర్పఁబూనువారికి ఈ ప్రశ్న తప్పదు. దీనికిఁ జెప్పు సమాధానమును బట్టియే నిఘంటువునందు ఒక పదమును ఒకటిగాఁ జూపవలెనా, రెండుగాఁ జూపవలెనా, అర్థములలో దేనిని ముందుంచవలెను అనునవి నిర్ణయమగును.

మొదట ఈ లెక్క యెట్లు పుట్టినదో చూడవలెను. 1755వ సంవత్సరమున శామ్యూల్ జాన్సను పండితుఁడు తన నిఘంటువును బ్రకటించుచు, పీఠికయందు కొన్ని సామాన్యక్రియలను బేర్కొని, వాని యర్థమునకు హద్దు లేర్పఱచుట దుష్కరమని మొఱపెట్టుకొనెను. వచ్చు, పోవు, ఇచ్చు, చేయు, పడు మొదలగు నర్థములు గల యా క్రియల నడుమ 'సెట్' కూడ నున్నది. అటుపిమ్మట నూఱేండ్లకు, 1857లో, లండనునందలి భాషాశాస్త్రపరిషత్తున రిచర్డు ట్రెంచి యను మతాచార్యుఁడు ఆనాఁటి నిఘంటువుల లోపములను గూర్చి యుపన్యసించెను. నిఘంటుకర్త భాషకుఁ జరిత్రకారుఁడే కాని, మంచిచెడ్డ లెంచు విమర్శకుఁడు కాఁడని యాయన మతము. ఆ బీజమునుండి మొలచినదే ఆక్స్‌ఫర్డు నిఘంటువు. 1879లో జేమ్సు ముర్రే సంపాదకభారము వహించెను. తొలిభాగము 1884లోను, తుదిభాగము 1928లోను వెలువడినవి. అప్పటికిఁ జేరిన పదములు 4,14,825, ప్రయోగోదాహరణములు 18,27,306. 'సెట్' గల భాగమును బరిష్కరించినవాఁడు ముర్రేకు సహసంపాదకుఁడైన హెన్రీ బ్రాడ్లీ. ప్రతి యర్థమునకును లభించిన ప్రాచీనతమప్రయోగమును మొదట నుంచి, కాలక్రమమునఁ దక్కినవానిని బేర్చుట ఆ నిఘంటువు పద్ధతి. కాఁబట్టి యది పదముయొక్క జాతకము వంటిది.

ఆ జాతకము సంస్కృతవైయాకరణులకు మిక్కిలి యింపైనది. 'సెట్' అను క్రియకుఁ బ్రాచీనాంగ్లరూపము 'సెట్టన్', జర్మనుభాషలో 'సెట్‌జెన్', నాల్గవశతాబ్దమునాఁటి గోతికుభాషలో 'సత్యన్'. దీనికి మూలమైనది 'కూర్చుండు' అను నర్థము గల 'సిట్' ధాతువు. అదియే సంస్కృతమున సద్ ధాతువు. సీదతికి సాదయతి యెట్టిదో 'సిట్'నకు 'సెట్' అట్టిది. అనఁగా నిది ప్రేరణార్థకరూపము: కూర్చుండఁజేయు నని యర్థము. సంస్కృతమున ణిచ్ ప్రత్యయముచే ధాతువందలి యకారమునకు వృద్ధి కలుగఁగా, జర్మనీయశాఖలో ప్రత్యయమందలి యకారధ్వని ముందున్న అచ్చును ఎకారముగా మార్చి తాను లోపించినది. లోపించిన ప్రత్యయము తన గుర్తును అచ్చునందు విడిచిపోయిన దన్నమాట. ఇచ్చట నొకమాట గమనింపఁదగియున్నది. ధాతుపాఠమున సద్ ధాతువునకు విశరణము, గతి, అవసాదనము అను మూఁడర్థములే చెప్పఁబడినవి, ఉపవేశనము చెప్పఁబడలేదు. వేదమందో, కూర్చుండుటయే ప్రసిద్ధము. ధాతువు లనేకార్థములను పరిభాషయే యిచట శరణ్యము. ధాతుపాఠమందలి యర్థనిర్దేశము దిక్కు చూపుట కేర్పడినదే కాని హద్దురాయి కాదు.

కూర్చుండఁజేయుట యను మూలార్థమునుండి తక్కినవి పుట్టిన తీరు చూచినచో 430 అను సంఖ్య యంత భయంకరముగాఁ దోఁపదు. కోడిని గ్రుడ్లపైఁ గూర్చుండఁబెట్టుట 'సెట్'; రత్నమును బంగారమున నిలుపుట 'సెట్'. ఆంగ్లము నెఱుఁగని తెలుఁగువాఁడు ఈ రెంటికిని సంబంధమేమి యని నవ్వవచ్చును. కాని తెలుఁగునందును కోడి గ్రుడ్లను బొదుగును, కంసాలి రత్నములను బొదుగును. రెండు జాతులవారును ఒకరినొకరు చూడకయే యొక్కపోలికను గనిపెట్టినారు. ఎముకను స్వస్థానమునఁ జేర్చి కట్టుట, అచ్చుకూటమున నక్షరములు కూర్చుట, భోజనపుబల్లపైఁ బళ్లెము లమర్చుట, వెల నిర్ణయించుట, ముహూర్తము పెట్టుట, ఉచ్చొడ్డుట - అన్నిటియందును దేనినో దాని తావున నుంచుటయే కలదు. తావు మాఱినకొలఁది తెలుఁగుక్రియ మాఱినది, ఆంగ్లక్రియ మాఱలేదు. పలుచని పదార్థము గట్టిపడుటయు నట్లే: కదలుచున్నది కూర్చున్నది.

సూర్యాస్తమయమును జెప్పు 'సెట్' మాత్రము కొంత నిలిచి చూడఁదగినది. ఇచట నెవ్వరును సూర్యునిఁ గూర్చుండఁబెట్టుట లేదు, ప్రేరణార్థకము అకర్మకమైనది. ప్రాచీనాంగ్లమున నస్తమయమునకు 'సెట్‌ల్‌గాంగ్' అని పేరు. 'సెట్‌ల్' అనఁగా నాసనము. 'గాంగ్' అనఁగా గమనము. సూర్యుఁడు తన పీఠమునకుఁ బోవుట యని యర్థము. సంస్కృతమున 'అస్తం గచ్ఛతి' యనుచో లోకమునకు స్ఫురించునది యస్తాద్రి. కాని ఋగ్వేదమున అస్తశబ్దము గృహవాచకము. సాయంకాలమున గోవులు నిల్లు చేరును. సూర్యుఁడును నిల్లు చేరును. కొండ పిదపఁ బుట్టినది. ప్రాచీనుల యీ భావము మఱుగుపడుటచేతనే పిమ్మటివారికిఁ బర్వతమొకటి కావలసివచ్చెను. చరిత్రక్రమమున నర్థములు పేర్చుటవలని లాభ మిట్టి యెడల స్పష్టమగును.

ఇఁక నీ క్రియకు నర్థములు విస్తరించుటకుఁ బ్రధానకారణ ముపసర్గలవంటి యవ్యయములు. సద్ ధాతువే ప్ర చేరినపుడు ప్రసాదమును, వి చేరినపుడు విషాదమును, అవ చేరినపుడు అవసాదమును జెప్పును. ఉప, ని రెండును జేరి యుపనిషత్తైనది. ఆంగ్లమున 'సెట్ అప్' అన్నచో నెలకొల్పుట, 'సెట్ అవుట్' అన్నచో బయలుదేఱుట, 'సెట్ ఇన్' అన్నచో వానకాలము వంటిది ప్రవేశించి నిలుచుట, 'సెట్ ఎసైడ్' అన్నచో న్యాయస్థానమున తీర్పును గొట్టివేయుట. ఇవి యన్నియు 430లోఁ జేరినవే. ఉపసర్గ ధాతువునకుఁ బూర్వమే యుండవలెనని పాణిని శాసించి, ఛందస్సునందు మాత్రము పరమందు నుండవచ్చుననియు, నడుమ వేఱుపదములు వ్యవధానముగాను రావచ్చుననియు ననుమతించెను. నేఁటి యాంగ్లము ఈ విషయమున నిజముగా వైదికభాష ననుసరించునది: 'సెట్'నకును 'ఎసైడ్'నకును నడుమఁ దీర్పును జెప్పు పదమంతయు నిలువఁగలదు. ధాతువునకు ముందు నిలిచిన పాతరూపములును గొన్ని మిగిలియున్నవి. 'అప్‌సెట్' పదునేనవశతాబ్దమున నిలువఁబెట్టుట యను నర్థమునే చెప్పెడిది; పిదపఁ దలక్రిందు చేయుట యైనది; తుదకు మనస్సు కలఁతపడుటయైనది. సద్ ధాతువునుండియే పుట్టిన విషాదశబ్దముతో నది యర్థమునఁ గూడ వచ్చి కలియుట యాదృచ్ఛికమే యైనను రమ్యముగా నున్నది.

నామవాచకమగు 'సెట్' కథ వేఱు. సమూహమను నర్థమున నున్న యీపదము ప్రధానముగా ప్రాచీన ఫ్రెంచిభాషయందలి 'సెట్' నుండి వచ్చినది. దానికి మూలము 'సెక్తా' యను లాటినుపదము. అది 'అనుసరించు' నను ధాతువునఁ బుట్టినది. దానికి జ్ఞాతియైన సంస్కృతధాతువు సచ్, సచివశబ్ద మందలిదే. ఒకగురువు ననుసరించువారి గుంపు 'సెక్తా'. క్రియాపదపు నీడ పిదప దీనిపైఁ బడినది గాని, పుట్టుక వేఱు. సదస్సును సచివుఁడును ఒకేవేషము ధరించి యొకేపేరునకుఁ బలుకుచున్నట్లున్నది. జర్మనుగణితవేత్త కాంటరు 1874 మొదలుగా నిర్మించిన సిద్ధాంతమునకు నాధారమైన సమూహమును జర్మనులో 'మెంగె' యందురు. ఆంగ్లేయులు దానికి 'సెట్' అని పేరిడిరి. తెలుఁగు గణితగ్రంథములందు నది 'సమితి'. దీనిని గోడిని గ్రుడ్లపైఁ బెట్టుటతోఁ జేర్చి లెక్కించి, యొక శబ్దమునకు నిన్ని యర్థములని యాశ్చర్యపడుట న్యాయము కాదు.

శబ్దమొక్కటియే బహ్వర్థము కాఁగలదనుటకు మహాభాష్యకారుఁడు అక్ష, పాద, మాష శబ్దముల నుదాహరించెను. అర్థము భిన్నమైనచో శబ్దమును భిన్నమే, రూపసామ్యముచే నొకటిగాఁ దోఁచుచున్న దనుపక్షమును గలదు; భర్తృహరి రెండుపక్షములను జర్చించెను. 'సెట్' చరిత్ర చూడఁగా రెండుపక్షములకును దావున్నది. క్రియావిషయమున శబ్దైక్యము చెప్పుటయే మేలు. సమూహవాచకవిషయమున శబ్దభేదము చెప్పక తీరదు. రూఢి యెచటఁ జొచ్చినదో యచట మాత్రము వ్యుత్పత్తిని జూపి యర్థమును లాగరాదు. 'అప్‌సెట్' అనునది నిలువఁబెట్టుట యని నేఁడు వాదించువాఁడు నవ్వులపాలగును.

శ్రోతకు సంశయ మేల కలుగదనుటకు సమాధానము వాక్యపదీయ ద్వితీయకాండమునఁ గలదు. సంయోగము, విప్రయోగము, సాహచర్యము, ప్రకరణము, ఔచిత్యము, దేశము, కాలము మొదలగునవి యర్థమును నిర్ణయించునని యం దున్నది. భోజనవేళ సైంధవము తెమ్మన్న నుప్పు వచ్చును; ప్రయాణవేళ గుఱ్ఱము వచ్చును. 'సెట్'నకు సూర్యునితో సాహచర్య మున్నపు డొకటి, రంపముతో నున్నపు డొకటి. రూపమునకు భేదము లేని యాంగ్లమున ప్రకరణముయొక్క బరువు మఱింత హెచ్చు. సాదయతి, అసాదయత్, సాదితః అని సంస్కృతము మూఁడురూపములఁ జెప్పుదానిని 'సెట్' ఒక్కటియే చెప్పవలసియున్నది.

ఆంగ్లేయులకు మాటలు చాలక యొక్కమాటనే యెల్లెడల వాడుదురని పరిహసించు పండితులు కొందఱు గలరు. వారు తెలుఁగున 'పెట్టు' క్రియను మఱచినారు. దీపము పెట్టుదురు, బొట్టు పెట్టుదురు, పేరు పెట్టుదురు, అన్నము పెట్టుదురు, నిప్పు పెట్టుదురు, కొట్టు పెట్టుదురు. కోడి గ్రుడ్లు పెట్టును. చేసిపెట్టు, వ్రాసిపెట్టు ననుచో పరార్థము స్ఫురించును. దీనికి నాక్స్‌ఫర్డు పద్ధతిని సంకలనము చేసినచో సంఖ్య యెంతకుఁ బోవునో! చెంపపెట్టునందలి 'పెట్టు' దెబ్బను జెప్పును. అది యీ క్రియయేనా, వేఱొకపదమా? బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరము 1885లోను, సూర్యరాయాంధ్రనిఘంటువు ప్రథమసంపుటము 1936లోను వెలువడినవి. కావ్యప్రయోగములఁ జూపుటలో మహోపకారము చేసిన యీ కోశములు అర్థములను గాలక్రమమునఁ బేర్చుటకై పుట్టినవి కావు. ఆ పని శాసనములనుండి యారంభింపవలసియున్నది.

సంఖ్యయే ప్రధానమనుకొనువారికి మఱొకసంగతి. ఆక్స్‌ఫర్డు నిఘంటువు తృతీయపరిష్కారమున, 2011వ సంవత్సరమున, 'రన్' అనఁగాఁ బరుగెత్తు నను క్రియకు 645 అర్థములు చూపఁబడినవి, 'సెట్' వెనుకఁబడెను. భాషలో నాయేఁడు విప్లవమేదియు రాలేదు. పరిష్కర్త పాత్రము మార్చి కొలిచినాఁడు, ధాన్యపురాశి మాఱినట్లు తోఁచినది.

తెలుఁగున నీపద మిపుడు రెండుమార్గములఁ జేరియున్నది. నగల సెట్టు అనునపుడు వచ్చినది అనుసరించుట యను ధాతువునుండి. నాటకరంగమునందును జలనచ్చిత్రములయందును వేయు సెట్టు, కూర్చుండఁజేయుట యను ధాతువునుండి. ఉచ్చారణ యొక్కటే, బహువచనము సెట్లు అను రూపము నొక్కటే. రాఁబోవు తెలుఁగు నిఘంటువున నివి రెండు పదములుగా వేఱువేఱు తావుల నుండవలెను.