దక్కను తోటల్లో ఖిజాన్

బాన్సువాడ ప్రాంతంలో చెట్లు ఆకు రాల్చేది ఎక్కువగా మాఘ, ఫాల్గుణ మాసాలలో. నేలలోని చెమ్మ ఇగిరేకొద్దీ సీతాఫలపు పొదలు పసుపుబారి బోడివౌతాయి. మోదుగ ఆకు విడిచి పూతకు సిద్ధమౌతుంది. ఇంటి ముంగిట బాదం ఆకులు ఎర్రబారి రాలుతాయి. ఫార్సీ కవులు ఖిజాన్ అని పిలిచిన ఆకురాలు కాలం ఇరాన్‌లో అప్పటికి ఎప్పుడో ముగిసి ఉంటుంది.

ఖిజాన్ శీతల దేశపు ఋతువు. పగలు కురచనై చలి ముదిరినప్పుడు ఆకులోని పచ్చదనం విరిగి, పసుపు, ఎరుపు వన్నెలు బయటపడతాయి. జహాంగీర్ 1619 ప్రాంతంలో కాశ్మీరులో ప్రారంభించిన షాలిమార్ తోటలో చినారు వృక్షాలు నేటికీ ఆ శోభను చూపుతున్నవి. దక్కనులో ఆకును రాల్చేది చలి కాదు, నీటి ఎద్దడి. అందుచేత ఫార్సీ భాషతోపాటు ఖిజాన్ అనే మాట ఇక్కడికి వచ్చింది గాని, ఆ ఋతువు రాలేదు.

ఈ పొత్తు కుదరకపోవడం పంచాంగంలోనూ కనిపిస్తుంది. నిజాం రాజ్యపు ఫసలీ సంవత్సరం అక్టోబరులో ఆజుర్ మాసంతో మొదలయ్యేది. నెలల పేర్లన్నీ ఇరాన్‌వే. అక్కడ మెహర్ శరత్కాలపు తొలి నెల. ఇక్కడి లెక్కలో అది ఆగస్టులో, అంటే నాట్లు ముగిసి వాన కురిసే రోజులలో వచ్చేది. దస్తావేజులో శరత్తు, పొలంలో వర్షం!

ఈ సంగతి అందరికన్నా ముందు గ్రహించినవారిలో గోల్కొండ సుల్తాను ముహమ్మద్ కులీ కుతుబ్‌షా (పాలన 1580–1612) ఒకడు. 1940లో మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ పరిష్కరించి వెలువరించిన ఆయన దక్కనీ కవితా సంపుటిలో వసంతంతోపాటు మృగ్ మీద కూడా కవితలున్నవి. మృగ్ అంటే తెలుగు రైతు ఎదురుచూసే మృగశిర కార్తే. సింహాసనం మీద కూర్చున్నవాడు రైతు కార్తెను తన పండుగగా చేసుకోవడం చిన్న విషయం కాదు.

ఆ మాట దానిమ్మ తోటల్లో మరో రూపంలో బ్రతికి ఉంది. దివ్య ఖుర్ఆన్‌లో మూడు చోట్ల పేర్కొనబడిన ఈ చిన్న చెట్టు చలి దేశాలలో శరత్తు రాగానే బంగారు వన్నె తిరిగి ఆకు రాలుస్తుంది. ఇక్కడ నీరు దొరికితే ఏడాది పొడుగునా పచ్చగానే ఉండి, అప్పుడో కాయ ఇప్పుడో కాయ కాస్తుంది. అందుకే తోటమాలి తానే ఖిజాన్‌ను సృష్టిస్తాడు. నెల నుండి రెండు నెలల వరకు నీరు ఆపివేస్తాడు. ఆకులు పసుపెక్కి రాలుతాయి. పిమ్మట కొమ్మలు కత్తిరించి, పాదులు త్రవ్వి, ఎరువు వేసి, మొదట పలుచగా తడి ఇస్తాడు. చెట్టంతా ఒక్కసారిగా చిగురు, పూత. ఆకు త్వరగా రాలడానికి నేడు కొందరు ఎథ్రెల్ మందు కూడా పిచికారీ చేస్తున్నారు.

ఈ పూతలకు మూడు పేర్లున్నవి: జనవరి, ఫిబ్రవరిలలో అంబే బహార్, జూన్, జూలైలలో మృగ్ బహార్, సెప్టెంబరు, అక్టోబరులలో హస్త బహార్. బహార్ అంటే ఫార్సీలో వసంతం. మృగశిర, హస్త మన కార్తెలు. ఆస్థాన కవుల చేతిలో కుదరని పొత్తు తోటమాలి నోట ఎంత సులువుగా కుదిరిందో! వేసవిలో నీరు చాలని రైతు సాధారణంగా మృగ్ బహార్‌నే ఎంచుకుంటాడు. ఎండే అతని పని సగం చేసిపెడుతుంది.

బాన్సువాడ నేలకు మాత్రం మరో చరిత్ర ఉంది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఇంజనీరుగా 1923లో మంజీర నదిపై ఆరంభమైన నిజాంసాగర్ 1931లో పూర్తయింది. కాలువ క్రింద వరి, చెరకు విస్తరించాయి. నిరంతరం చెమ్మ ఉండే వరి మడుల ప్రక్కన దానిమ్మకు కావలసిన ఎండు విశ్రాంతి దొరకదు. ఆయకట్టు పచ్చగా ఉన్న మాఘంలోనే, కాలువ నీరు ఎక్కని గట్టుల మీద సీతాఫలం పసుపుబారి ఆకు విడుస్తూ ఉంటుంది.