ఇంటి పెరడు: పచ్చిక, మట్టి, వాన నీటి లెక్క

ఇంటి గోడకూ ప్రహరీకీ మధ్య మిగిలే నేలను తెలుగునాట ముందువైపు వాకిలి, ముంగిలి అనీ, వెనుకవైపు పెరడు, దొడ్డి అనీ వ్యవహరిస్తారు. ఒకనాడు అది మట్టి నేల. ముందు కళ్ళాపి చల్లి ముగ్గు పెట్టే జాగా ఉండేది. వెనుక గిన్నెలు కడిగిన నీరు పారే చోట అరటి, దాని పక్కన కరివేపాకు, మునగ ఉండేవి. వాన పడితే ఆ నీరు చాలావరకు అక్కడే ఇంకేది. ఇప్పుడు పట్టణాలలో ఈ నేలలో ఎక్కువ భాగం సిమెంటు కిందికో, గ్రానైటు పలకల కిందికో పోయింది. మిగిలిన కొద్ది జాగాలో లాన్ పరచుకోవాలన్న కోరిక కొత్తగా వచ్చి చేరింది. ఈ రెండు మార్పులనూ కలిపి చూడాలి. ఒకటి వాన నీటిని నేలలోకి పోనివ్వదు, మరొకటి నేలలోని నీటిని బోరు ద్వారా పైకి తోడిస్తుంది.

నీటి లెక్క

ఒక చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు పడినట్లు. ఈ చిన్న సూత్రం తెలిస్తే పెరటికి సంబంధించిన చాలా ప్రశ్నలకు ఇంటివారే సమాధానం చెప్పుకోగలుగుతారు. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. అంటే 100 చదరపు మీటర్ల పెరటిపై, అనగా దాదాపు 120 చదరపు గజాల నేలపై, ఏడాదిలో 80,000 లీటర్ల నీరు పడుతుంది. నేల తెరిచి ఉంటే అందులో కొంత భాగమైనా భూమిలోకి చేరుతుంది. సిమెంటు పరిస్తే దాదాపు అంతా వీధి కాలువలోకి పోతుంది.

ఇక ఖర్చు. ఏప్రిల్, మే నెలల ఎండలో పచ్చిక నుంచి, దాని కింది మట్టి నుంచి రోజుకు సుమారు 5 మిల్లీమీటర్ల నీరు ఆవిరవుతుంది. గడ్డి పచ్చగా ఉండాలంటే అంత నీటినీ తిరిగి పోయాలి. 100 చదరపు మీటర్లకు అది రోజుకు 500 లీటర్లు. మురుగునీటి వ్యవస్థ ఉన్న పట్టణాలలో మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున సరఫరా చేయాలన్నది జాతీయ ప్రమాణం. ఆ లెక్కన ఈ లాన్ దాదాపు నలుగురు మనుషుల నీటిని తాగుతుంది. రెండు వేసవి నెలలకు కలిపి 30,000 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు ఆరు. ట్యాంకరు కోసం ఎదురుచూసే వీధిలో ఇంత పెద్ద లాన్ పెంచడాన్ని సమర్థించడం కష్టం. అదే 15, 20 చదరపు మీటర్ల పచ్చిక అయితే రోజుకు 100 లీటర్ల లోపే సరిపోతుంది. బియ్యం, కూరగాయలు కడిగిన నీటితో అందులో కొంత భాగం తీరుతుంది. బట్టల సబ్బు నీరు మాత్రం పచ్చికకు పోయరాదు. అందులోని సోడియం మట్టిని గట్టిపరచి, నీరు ఇంకకుండా చేస్తుంది. ఆర్వో యంత్రం విడిచే నీటిలో లవణాలు ఎక్కువగా ఉంటాయి కాబట్టి, దానినే నిత్యం వాడటం కూడా మంచిది కాదు.

గరిక నుంచి కార్పెట్ గడ్డి వరకు

వినాయక చవితి నాడు పత్రిలో చేరే గరికే ఈ ప్రాంతపు వాతావరణానికి అన్నిటికంటే తగిన పచ్చిక. ప్రపంచంలోని ఎన్నో క్రీడా మైదానాలలో బెర్ముడా గడ్డి పేరుతో పెంచేది కూడా ఈ జాతినే. నేలపైన పాకే తీగలతోనూ, నేలలోపలి దుంప కాండాలతోనూ వ్యాపిస్తుంది కనుక తొక్కిడికి తట్టుకుంటుంది. నీరు అందక ఎండినట్లు కనిపించినా, తొలకరి పడగానే చిగురిస్తుంది. దీని బలహీనత ఒక్కటే, నీడ. మామిడి చెట్టు కిందా, ఎత్తైన ప్రహరీ నీడలోనూ గరిక పలచబడి చివరకు చచ్చిపోతుంది. అటువంటి చోట వెడల్పాటి ఆకులుండే కార్పెట్ గడ్డి కొంత మెరుగు. అయితే దానికి నీరు ఎక్కువ కావాలి. ఎండా పచ్చికా రెండూ లేని మూలలో ఏదో ఒక గడ్డిని బలవంతంగా పెంచే బదులు ఎండుటాకులు పరచి వదిలేయడం వివేకం.

తూర్పు గోదావరి జిల్లా కడియం పరిసరాల నర్సరీల వంటి చోట్ల పచ్చికను మట్టితో సహా పలకలుగా కోసి అమ్ముతారు. పలకలు పరచిన రోజే వాకిలి పచ్చబడుతుంది. తొందర లేనివారికి గరిక కాడలను వేళ్ళతో సహా 10 సెంటీమీటర్ల ఎడంతో నాటుకోవడం చౌకైన మార్గం. జూన్, జూలై వానలలో నాటితే రెండు మూడు నెలలలో నేలంతా కమ్ముకుంటుంది. మార్చిలో నాటడం అంటే వేసవంతా ట్యాంకరుకు డబ్బు కట్టడమే.

పచ్చిక పాడవడానికి తరచుగా కారణమయ్యేది నిర్లక్ష్యం కాదు, అతి శ్రద్ధ. రోజూ కొద్దికొద్దిగా నీరు చల్లితే వేళ్ళు పైపైనే ఉండిపోతాయి, ఒక్క రోజు నీరు తప్పినా గడ్డి వాడిపోతుంది. నల్లనేలలో మూడు నాలుగు రోజులకు ఒకసారి, ఎర్రనేలలో రెండు రోజులకు ఒకసారి, తెల్లవారుజామున నాలుగైదు అంగుళాల లోతు తడిసేలా పెట్టడం మేలు. తడి ఎంత లోతుకు దిగిందో ఒక ఇనుప చువ్వను గుచ్చి చూస్తే తెలిసిపోతుంది. సాయంత్రం పెట్టిన నీరు రాత్రంతా ఆకులపై నిలిచి బూజు తెగుళ్ళకు దారితీస్తుంది. కోసేటప్పుడు ఒక్కసారి గడ్డి ఎత్తులో మూడో వంతుకు మించి తీయరాదు. గరికను 3, 4 సెంటీమీటర్ల ఎత్తున ఉంచితే నేలకు నీడ ఉంటుంది, కలుపు విత్తనాలు మొలకెత్తవు. కోసిన ముక్కలు పలచగా ఉంటే అక్కడే వదిలేయవచ్చు, అవి కుళ్ళి నత్రజని అందిస్తాయి. యూరియా వేయదలచినవారు 100 చదరపు మీటర్లకు ఒక విడతలో కిలోకు మించకుండా వేసి, వెంటనే నీరు పెట్టాలి. ఆకులపై నిలిచిన గుళికలు గడ్డిని మాడుస్తాయి. డిసెంబరు, జనవరి చలిలో గరిక రంగు తగ్గడం సహజం. ఆ రోజులలో ఎరువు, నీరు పెంచినంత మాత్రాన అది పచ్చబడదు.

నేలను బట్టి ఇంకుడు గుంత

ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం, వాడుకలో వాల్టా, వాన నీటి సేకరణకు చట్టబద్ధత కల్పించింది. అయితే గుంత తవ్వడం వేరు, అది పనిచేయడం వేరు. ఎర్రనేలలో నీరు త్వరగా ఇంకుతుంది. నల్లరేగడి తడిస్తే ఉబ్బి, ఎండితే బీటలు వారుతుంది. అందులో నీరు ఇంకడం నెమ్మది. పైగా పునాది పక్కనే నీరు నిలిస్తే నేల ఉబ్బుకు గోడలు పగుళ్ళిచ్చే ప్రమాదం ఉంది. అందువల్ల గుంతను పునాదికి కనీసం మూడు మీటర్ల దూరంలో తవ్వాలి. నల్లరేగడి పొర దాటి మొరం తగిలే వరకు వెళ్ళడం మంచిది. అడుగున పెద్ద రాళ్ళు, వాటిపై కంకర, ఆపైన ముతక ఇసుక నింపి, పైభాగంలో నీరు నిలిచేందుకు కొంత ఖాళీ వదలాలి. మిద్దెపై తొలి వాన కడిగిన దుమ్మునూ రెట్టలనూ గుంతలోకి పోనివ్వకుండా గొట్టాన్ని పక్కకు తిప్పే ఏర్పాటు అవసరం. ఏటా వానలకు ముందు పై ఇసుక పొరను తీసి కడగాలి. లేదా కొత్త ఇసుక వేయాలి. ఈ ఒక్క పని చేయకపోవడం వల్లనే చాలా ఇళ్ళలో గుంతలు పూడిపోయి పేరుకు మిగిలాయి. వాన వెలిశాక రెండు మూడు రోజులైనా గుంతలో నీరు నిలిచే ఉంటే అది దోమల తొట్టిగా మారిందని గ్రహించాలి.

గుంతకు స్థలం లేనివారు కూడా చేయగలిగింది ఉంది. వాహనం చక్రాలు నడిచే రెండు పట్టీలకు మాత్రమే రాయి పరచి, మధ్య భాగాన్ని గడ్డికి వదిలితే బండి నిలిపే జాగాలో కూడా చాలా నేల తెరిచి ఉంటుంది.

కలుపు, ఆకులు, దోమలు

పెరటి కలుపులో ఆరోగ్యానికి చేటు తెచ్చేది వయ్యారిభామ. ఇది తాకితే కొందరికి చర్మంపై దురద, దద్దుర్లు వస్తాయి. పుప్పొడి వల్ల తుమ్ములు, ఉబ్బసం రావచ్చు. తెల్లని పూలు రాకముందే, వాన పడి నేల మెత్తబడినప్పుడు, చేతులకు తొడుగులు వేసుకుని వేరుతో సహా పీకాలి. పూత వచ్చాక పీకి పారేస్తే ఒక్కో మొక్క వేల విత్తనాలను విడుస్తుంది. తుంగ సంగతి వేరు. దాన్ని పీకినా నేలలోని గడ్డల నుంచి మళ్ళీ వస్తుంది. పలుగుతో తవ్వి గడ్డలను ఏరడమే మార్గం, అదీ రెండు మూడు విడతలుగా. కలుపు మందు కొట్టించడం సులువనిపిస్తుంది. కానీ గ్లైఫోసేట్ వాడకాన్ని పురుగుల నియంత్రణ నిర్వాహకులకే పరిమితం చేస్తూ కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ఉత్తర్వులు వెలువరించింది. పిల్లలు ఆడుకునే వాకిట్లో, మంచినీటి బోరు పక్కన అటువంటి మందు జోలికి పోకపోవడమే క్షేమం.

రాలిన ఆకులను ఊడ్చి నిప్పు పెట్టే అలవాటు ఇంకా పోలేదు. బహిరంగంగా చెత్త కాల్చడాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో నిషేధించి, 5,000 రూపాయలు, పెద్దమొత్తంలో కాలిస్తే 25,000 రూపాయల పరిహారం నిర్ణయించింది. జరిమానా మాట అటుంచి, కాల్చేది ఎరువునే. ఎండుటాకులు మూడు వంతులు, వంటింటి పచ్చి చెత్త ఒక వంతు చొప్పున పొరలుగా వేసి, మధ్యమధ్య కొద్దిగా పేడ నీళ్ళు చల్లి, వారానికి ఒకసారి తిరగేస్తే రెండు మూడు నెలలలో ఎరువు సిద్ధమవుతుంది. వాసన వస్తే తడి ఎక్కువైనట్లు, అప్పుడు ఎండుటాకులు కలపాలి. ఎన్నాళ్ళకూ కుళ్ళకపోతే తడి చాలనట్లు.

డెంగీని వ్యాపింపజేసే ఈడిస్ దోమ మురుగు కాలువలో కాక, ఇంటి ఆవరణలోని శుభ్రమైన నిలవ నీటిలో పెరుగుతుంది. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. శుక్రవారం డ్రై డే పాటించాలని ఆరోగ్య శాఖ కోరేది ఇందుకే. కుండీల కింది పళ్ళేలు, కొబ్బరి చిప్పలు, పాత టైర్లు, కూలర్లు, కప్పిన టార్పాలిన్ మడతలు వారానికి ఒకసారి చూసుకోవాలి. నీరు పారబోస్తే మాత్రమే చాలదు. పాత్ర గోడలకు అంటుకున్న గుడ్లు పొడిలో నెలల తరబడి బతకగలవు కాబట్టి లోపలి వైపు రుద్ది కడగాలి.

ఇటుకల గుట్ట, కట్టెల మోపు గోడకు ఆనించి ఏళ్ళ తరబడి ఉంచితే ఎలుకలు చేరతాయి, వాటి వెంట పాములు వస్తాయి. కట్లపాము రాత్రి వేళ తిరుగుతుంది, కాటు నొప్పి కూడా పెద్దగా తెలియకపోవచ్చు. చీకట్లో పెరట్లోకి వెళ్ళేవారికి టార్చిలైటు, చెప్పులు తప్పనిసరి. కాటు పడితే గాయాన్ని కోయడం, బిగించి కట్టడం మాని, ఆ అవయవాన్ని కదలనీయకుండా వెంటనే విషానికి విరుగుడు మందు ఉండే ఆసుపత్రికి చేర్చాలి.

చెట్లకు వదలవలసిన చోటు

ప్రహరీ పక్కన వాలిన పిట్టల వల్ల రావి, మర్రి మొలవడం మామూలే. వాటిని రెండాకుల దశలోనే తీయాలి. వేరు గోడలోకి దిగాక తీయడం గోడకే చేటు. పెద్ద వేపను ఇంటికి దూరంగా పెట్టుకుని, దగ్గరలో కరివేపాకు, నిమ్మ, పారిజాతం వంటి చిన్న చెట్లు పెంచుకోవచ్చు. చెట్టు మొదలు చుట్టూ సిమెంటు పోస్తే వేళ్ళకు గాలి, నీరు అందవు. కనీసం మీటరు మేర మట్టి వదలాలి. ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు వరకు కాంక్రీటు తొలగించాలని హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఆదేశించింది. ఎదిగిన చెట్టును కొట్టదలచినప్పుడు, అది సొంత పెరటిదైనా, వాల్టా చట్టం కింద ముందుగా అనుమతి అవసరమవుతుంది. కొమ్మలు కరెంటు తీగలకు తగులుతుంటే ఇంటివారు వెదురు కర్రతో, కత్తితో ప్రయత్నించరాదు. విద్యుత్ సిబ్బందికి తెలిపి, సరఫరా ఆపించిన తరువాతే కొట్టించాలి.